తాత మూటలో మిగిలిన మన్ను

మా తాత మునస్వామికి రెండింటికి తొందర ఎక్కువ. ఒకటి భోజనం, రెండోది కొండకు అటువైపున్న దాయాదుల ఇంటి చావు కబురు. కబురు రాగానే మా పొలంలో పిడికెడు మన్ను తీసి, గుడ్డలో మూట కట్టుకుని, నగరిలో, తమిళనాడు వైపు పోయే పళ్ళిపట్టు బస్సెక్కేవాడు.

"వాళ్ళ ఊళ్ళో మన్ను దొరకదా తాతా?" అని ఏడిపించేదాన్ని.

"పదో తరగతి తప్పినదానివి, నీకేం తెలస్తాది మే" అనేవాడు.

తప్పిన మాట నిజమే గాని, చరిత్రలో పాసయ్యాను. ఆ చరిత్రలో మావాళ్ళు లేరు, అంతే.

ఒకప్పుడు మా కొండ కనుమ రెండు రాజ్యాలకు సరిహద్దట. ఇటువైపు కావలి మావాళ్ళది, అటువైపు మా దాయాదులది. రాజులు పోట్లాడుకున్నప్పుడల్లా అన్నదమ్ములే ఒకరి మీద ఒకరు బల్లెం ఎత్తాల్సి వచ్చేది. ఎవరి చేతిలో ఎవరు పోయారో తెలియక పగలు పెరిగాయి. చివరికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇటు మనిషి పోతే అటువాళ్ళు తమ నేల మన్ను తెచ్చి, గుంత పూడ్చకముందే పోసి, "ఈ చావు మా చేతిది కాదు" అనాలి. కబురు పంపితేనే రావాలి. పిలవకుండా వస్తే నేరం ఒప్పుకోవడానికి వచ్చినట్టే.

కరోనా ఏడాది అటువైపు కుప్పయ్య తాత పోయాడని ఆయన కొడుకు రాజారత్నం ఫోన్ చేశాడు. బస్సుల్లేవు. మా నాయన గిరి, తాతనూ నన్నూ బండి మీద చెక్‌పోస్టు దాకా తీసుకెళ్ళాడు. రోడ్డుకు అడ్డంగా కంచె.

"పిడికెడు మన్ను పోసి వచ్చేస్తా సామీ" అని తాత పోలీసును బతిమాలాడు.

"మన్నేంది పెద్దాయనా, ఇంటికి పో."

నేను ఫోన్ తీశాను. "వీడియోలో చెప్పేయ్ తాతా."

"దాంట్లో మన్ను యాడ పోసేది మే?"

నేను నవ్వాను. తాత నవ్వలేదు. అటు గుంత పూడ్చేశారని తెలిసేదాకా ఎండలో అలాగే నిలబడ్డాడు.

ఆ మూటను వసారాలో మేకుకు తగిలించాడు. దారులు తెరిచాక కూడా వెళ్ళలేదు. గుంత పూడినాక మాటకు విలువ లేదన్నాడు. ఒకసారి బెల్లమేమోనని మూట విప్పబోయి తిట్లు తిన్నాను.

పోయిన ఏడాది మంచం పట్టాక నాయనతో అన్నాడు: "నేను పోతే అటువాళ్ళకు కబురు పెట్టొద్దురా. వాళ్ళకు మనం పోలా. యా మొగం పెట్టుకోని పిలిచేది?"

"వాళ్ళేమీ అనుకోరు తాతా" అన్నాను.

"నాకు సిగ్గుగా ఉండాది మే."

ఆయన మాట ప్రకారం మేం పిలవలేదు. అటు మన్ను పడకుండానే తాత గుంత పూడింది.

మూడోరోజు రాజారత్నం చిన్నాయన వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. చేతిలో మూట.

"పెదనాయన పోయిన దినమే తెలిసింది గిరన్నా. మన్ను మూట కట్టుకోని ఫోన్ ముందరే కూసోనుంటిని. ఎందుకన్నా పిలవలేదు?"

నాయన కారణం చెప్పాడు. చిన్నాయన తల పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ఫోన్‌లో చెప్తే, పెదనాయన కంచె కాడ నిలబడుండాడని మా నాయన గుంత కాడ అందురికీ నేనే చెప్తినే!"

"మరి పిలవకుండా ఎట్ల వస్తివి రాజా?"

"నేరం ఒప్పుకునేదానికే వచ్చినా. మొదుటి దినమే రాకపోవడం నా తప్పే."

పూడిన గుంత మీద మన్ను పోశాడు. చెప్పాల్సిన మాట మాత్రం ఆయన నోట రాలేదు. అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

నేను ఇంటికి పోయి, మేకుకున్న మూట తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కుప్పయ్య తాతకు చేరాల్సిన మన్ను సాయంత్రం బస్సులో చిన్నాయన ఒళ్ళో కూర్చుని వెళ్ళింది.

అన్నింటికీ తొందరే మా తాతకు. ఇంకో మూడు రోజులు ఆగి, తన మూట బస్సెక్కడం చూసి పోయుంటే ఏం పోయేది?