గాలి చూసే అద్దం

పాత లాప్‌టాప్ కీబోర్డు మీద చాయ్ ఒలికింది. అది ఇక లేవదని తేలాక తెర ఊడదీసి, దాని ముందు వెండిరంగు ఫిల్మ్ అంటించిన గాజు పలక, వెనక అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు బిగించి స్మార్ట్ అద్దం చేశాను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను కాబట్టి ఇలాంటి వాటికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. మేముండేది బొగ్గుగని కాలనీ క్వార్టర్లో. అద్దం ముందు నిలబడితే మన ముఖం పక్కనే టైము, ఎండ ఎంతుందో, మా ఆయనకు ఆ వారం ఏ షిఫ్టో కనబడతాయి.

అత్తమ్మకు అది మొదటి రోజే నచ్చలేదు.

"బొట్టు పెట్టుకుందామంటే నొసటి మీద ముప్పై తొమ్మిది డిగ్రీలని వస్తాంది" అంది.

అసలు తిప్పలు మా ఆయనకు వచ్చాయి. రాత్రి షిఫ్టు చేసొచ్చి, కూలర్ ఉన్నది హాల్లోనే కాబట్టి పగలు అక్కడే పడుకుంటాడు. అద్దం వెలుగు కళ్లలో పడి నిద్ర రాదన్నాడు. సరేనని కదలికను పసిగట్టే సెన్సర్ ఒకటి పెట్టాను. మనిషి ముందుకొస్తే తెర వెలగాలి, పోతే ఆరిపోవాలి. అది ఎవరూ లేనప్పుడు కూడా వెలగడం మొదలుపెట్టింది.

నేను సెన్సర్ మర తిప్పి చూశాను. కర్టెన్ ఊగుతోందేమోనని ముడేశాను. కూలర్ ఆపాను, దానికి మా ఆయన లేచి కూర్చున్నాడు. గోడ మీది బల్లిని చీపురుతో బయటికి సాగనంపాను. అయినా వెలుగుతూనే ఉంది. అత్తమ్మ ఫ్రేముకు నిమ్మకాయ కట్టింది.

నాలుగో రోజు మామ రంగంలోకి దిగాడు. మామ ముప్పై ఏళ్లు గనిలో చేశాడు. రిటైరయ్యే ముందు ఆయన పని, కార్మికులు దిగకముందే లోపలికి పోయి గ్యాస్ ఉందో లేదో పరీక్షించడం. దాన్ని ఆయన 'గాలి చూసుడు' అనేవాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఒక్కొక్కటి బంద్ చేస్కుంట పోదాం" అన్నాడు.

కుర్చీ వేసుకుని అద్దానికి కాపలా కూర్చున్నాడు. ఆయనను చూసి అది వెలిగింది. కుర్చీ పక్కకు జరుపుకున్నాడు, మళ్లీ వెలిగింది. చివరికి తలుపు చాటున నక్కి, సందులోంచి ఒంటికన్నుతో గంటసేపు చూశాడు. తర్వాత వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి సెన్సర్ మీద బోర్లించి పట్టుకున్నాడు. తెర అప్పుడూ వెలిగింది.

"కండ్లు మూసినా సూస్తాందంటే జబ్బు కండ్లల్ల లేదు. పక్కపొంటి ఎవరున్నరో సూడు" అన్నాడు.

పక్కనే కంప్యూటర్ బోర్డు ఉంది. వాతావరణం తెలుసుకోవడానికి అది వైఫైతో మాట్లాడినప్పుడల్లా, ఆనుకుని ఉన్న సెన్సర్ ఉలిక్కిపడుతోంది. పొడుగు వైరు వేసి సెన్సర్‌ను ఫ్రేము అడుగుకు దించాను. ఆ పూటతో అద్దం బుద్ధిగా ఉంది. ల్యాబులో ఇరవై మందికి పాఠం చెప్పే నేను ఆ గ్లాసు సంగతి ఎందుకు ఆలోచించలేదో ఇప్పటికీ తెలియదు.

గెలిచిన ఉత్సాహంలో మామ కొత్త కోరిక కోరాడు.

"మనిషిని సూస్తాంది, సరే. మరి గాలి సూడదా?"

గ్యాస్ సెన్సర్ తెప్పించి ఫ్రేములో పైన, ముఖం దగ్గరగా బిగించాను. రెండు రోజులు వేడెక్కితే గానీ దాని మాట నమ్మకూడదని చెప్పాను. మామ ఒప్పుకున్నాడు. కొత్తగా దిగినోని మాట గని పిట్ల కూడా మొదటి రోజే నమ్మరన్నాడు.

మూడో రోజు సాయంత్రం మామ వాకింగ్ నుంచి వచ్చి అద్దం ముందు మీసం దువ్వుకుంటుంటే తెర ఎర్రబడి, కుయ్యిమని మోగింది. 'గాలి బాగలేదు' అన్న అక్షరాలు ఆయన ముక్కు మీద మెరిశాయి.

మామ గొంతు పెంచలేదు. "అందరు బయటికి నడువుర్రి. స్విచ్చులు ముట్టకుర్రి" అన్నాడు.

మా ఆయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో లుంగీ మీద గేటు దగ్గరికి వచ్చాడు. పక్క క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చారు. మామ తలలు లెక్కపెట్టాడు. ఇంటి లెక్కలో ఒకటి తక్కువైంది.

"ఏమే, బయటికి రా. గ్యాస్ లీకయితాంది."

వంటింటి కిటికీలోంచి అత్తమ్మ జవాబిచ్చింది. "లీకయితే నాకు వాసన రాదా? పులుసు పొయ్యి మీదుంది. నా ముక్కు రిటైర్ కాలే."

మామ లోపలికి పోయి సిలిండర్ కట్టేసి, మూల మూలా వాసన చూశాడు. ఏమీ లేదు. మర్నాడు సాయంత్రం అదే వేళకు మళ్లీ మోగింది, మళ్లీ అందరం గేటు దగ్గర నిలబడ్డాం. ఆ తర్వాతి రోజూ అంతే. మధ్యాహ్నం ఎండుమిర్చి తాలింపుకు మోగదు, నేను నిలబడితే మోగదు. సెన్సర్‌తో వచ్చిన కాగితం తీసి హాల్లో పైకి చదవడం మొదలుపెట్టి, ఒక లైను దగ్గర ఆగిపోయాను.

"గంతేనా, ఇంకేమన్న రాసి ఉందా?" అన్నాడు మామ.

"మందు ఆవిరిని కూడా పట్టుకుంటదట మామా."

ఆయన అద్దానికి ఒక అడుగు దూరం జరిగాడు. "నోట్లకెళ్లి వచ్చేది కూడానా?"

"దగ్గరికొస్తే."

"ఎంత దగ్గరికి?"

"మీరు మీసం దువ్వుకునేంత."

షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పాక, ధర్మపురి నర్సన్న దేవుడి ముందు ఒట్టు పెట్టి తాగుడు మానేసిన మనిషి ఆయన. వంటింటి గుమ్మంలో అత్తమ్మ గరిటెతో నిలబడి ఉంది. కోపమొస్తుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని, నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది.

"ఊరందరికి గ్యాస్ పట్టిచ్చినోడు, గీ అద్దానికి దొరికిండు" అంది.

"ఒక్క గ్లాసే. అది కూడ దోస్తు బలవంతపెడితె" అన్నాడు మామ.

"బిడ్డా, అది గ్లాసులెన్నో చెప్తదా?"

మామ నా వైపు చూశాడు. కొంచెం తిప్పలు పడితే దాదాపుగా చెప్పించవచ్చు. "చెప్పదత్తమ్మా" అన్నాను.

సెన్సర్‌ను ఎవరు ముట్టుకున్నా ఊరుకోనని అత్తమ్మ తేల్చిచెప్పింది. వారం రోజులు మామ వెనక గుమ్మంలోంచి, బట్టలుతికే బండ పక్కగా ఇంట్లోకి వచ్చాడు. ఆ తర్వాత ఆయనకే అది తన హోదాకు తక్కువనిపించినట్టుంది. సాయంత్రం కాగానే తానే అద్దం ముందుకు పోయి, గట్టిగా ఊది, "సూస్కో" అని అత్తమ్మను పిలవడం మొదలుపెట్టాడు. చాలా రోజులు తెర మోగలేదు.

మొన్నొక రోజు ఊదగానే ఎర్రబడింది. సెన్సర్ వేడెక్కలేదనో, వైరు లూజుందనో అంటాడని చూశాను. "ఇయ్యాల అది చెప్పేది నిజమే" అని, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అత్తమ్మ అన్నం పెట్టి, నీళ్ల చెంబు జరంత దగ్గరికి జరిపింది.