నొసటి మీది నల్లజీడి

ఆ రోజుల్లో నేను ఎంత భక్తిపరుణ్ణో నాకు తప్ప పామిడిలో అందరికీ తెలుసు. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ రెండు సబ్జెక్టుల దగ్గర ఆగిపోయింది (ఏవో అడక్కండి, ఒకటి తెలుగే). పెన్నకు అవతల మా ఊరు, ఇవతల పామిడి బజారులో నైటీల బట్టలమ్మే కొట్లో నాకు పని. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజులో చదివేది అరబ్బీ, కోపమొస్తే ఆ రెండూ చాలక కాస్త కన్నడం. కొట్టు యజమాని శెట్టి. నామం పెట్టుకోనిదే గల్లా తెరవడు, శనివారం ఒక్కపొద్దు ఉంటాడు. భక్తి ఎవరిదైనా సరే, ఆయనకు మహా గౌరవం. ఆ గౌరవం మీదే నేను బతికాను. మధ్యాహ్నపు నమాజు వేళకు ఒకసారి, సాయంత్రపు నమాజు వేళకు ఒకసారి, "అన్నా, నమాజుకు పోయొస్తా" అంటే చాలు, చేతిలో ఉన్న గిరాకీని కూడా ఆయనే అందుకుని "పోయిరా అప్పా, మా కోసం కూడా రోంత అడుక్కో" అని సాగనంపేవాడు.

నేను పోయేది బస్టాండు వెనక ఉగ్గాని బజ్జీల బండి దగ్గరికి. అక్కడ ప్లేటు ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల తాలింపు), రెండు బజ్జీలు, ఫోనులో క్రికెట్టు. పావుగంట కాగానే బండి పక్కనున్న డ్రమ్ములో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుని, చేతులు మోచేతుల దాకా తడుపుకుని, వజూ చేసి నమాజు ముగించినవాడిలా చొక్కా చేతులు మడిచి పెట్టుకుని కొట్టుకు తిరిగొచ్చేవాణ్ణి. (పచ్చిమిరపకాయ ఘాటుకు కళ్ళు కూడా ఎర్రబడి ఉండేవి. అది దేవుడి భయమని శెట్టి అనుకునేవాడు.) ఇక ఇంట్లో మా జేజి, అంటే మా నాయన తల్లి, "నమాజు చదివినావా నాయనా?" అని అడిగితే, "యాడ జేజీ, ఆ శెట్టి వదిలితే కదా!" అనేవాణ్ణి. నమాజు పేరు చెప్పి పని ఎగ్గొట్టడం, పని పేరు చెప్పి నమాజు ఎగ్గొట్టడం. రెండు పక్కలా నాకు మంచి పేరే. ఇంత తెలివి చదువులో పెట్టి ఉంటే ఆ రెండు సబ్జెక్టులూ ఎప్పుడో గట్టెక్కేవి.

శెట్టి ఈ భక్తిని ఊరికే పోనివ్వలేదు. ఎవరైనా ఆడమనిషి గుడ్డ పట్టి చూసి, "రంగు పోతాదా అన్నా?" అని అడిగితే, ఆయన నా వైపు చెయ్యి చూపించేవాడు. "ఈ పిల్లోన్ని అడుగమ్మా. నమాజు చేసే పిల్లోడు, నోట్లో అబద్ధం రాదు." ఆమె నా మొహంలోకి చూసేది. నేను నేల చూపులు చూస్తూ, "పోదక్కా" అనేవాణ్ణి. ఆ రంగు మొదటి ఉతుకుకే బకెట్టు నిండేదని నాకూ తెలుసు, శెట్టికీ తెలుసు, ఒక్క ఆమెకే తెలియదు.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం శెట్టి నా మొహాన్ని పరీక్షగా చూసి, "అవునప్పా, ఇన్ని నమాజులు చేస్తాండావు, నీ నొసట ఆ నల్ల మచ్చ యాల పడల్యా? మా పాత గుమాస్తాకు ఇంత ఉండె" అన్నాడు. అనుమానంతో కాదు, అమాయకంగానే అడిగాడు. అయినా నేను చెయ్యి అడ్డం పెట్టి నొసలు తుడుచుకున్నాను. ఏళ్ళ తరబడి నేలకు తల ఆనించి సజ్దా చేసేవాళ్ళకు నొసట అలా నల్లగా కాయకాస్తుంది. నాకు ఏళ్ళు ఎక్కడివి? సాయంత్రంలోగా కావాలి.

మా కొట్టు పక్కనే ఇస్త్రీ అన్న బంకు. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఆయన నల్లజీడి గింజను సూదితో పొడిచి, కారిన రసంతో కాలరు లోపల గుర్తు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులు పడినా ఆ గుర్తు చెక్కుచెదరదు. గుడ్డ చిరిగినా అది ఉంటుంది. నాకు కావలసింది సరిగ్గా అలాంటిదే. ఆయన టీకి పోయినప్పుడు ఒక గింజ జేబులో వేసుకుని, కొట్టు వెనక అద్దంలో చూసుకుంటూ, అగ్గిపుల్ల కొనతో నొసటి నడుమ రూపాయి బిళ్ళలో సగమంత చుక్క పెట్టుకున్నాను. ఇస్త్రీ అన్న ఆ గింజను ఎప్పుడూ గుడ్డ చుట్టిన వేళ్ళతోనే ఎందుకు పట్టుకుంటాడో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది.

మంగళవారం నేను మహాత్ముణ్ణి. మచ్చ గోధుమరంగు నుంచి నలుపుకు తిరిగి ముచ్చటగా కుదిరింది. శెట్టి కళ్ళద్దాలు పైకి జరిపి చూసి, "నేనన్నాననే వచ్చినట్లుందే!" అని ఆనందపడ్డాడు. బుధవారం దురద. గురువారం నొసలంతా మంట, మచ్చ ఉన్న చోట నిమ్మకాయంత బొబ్బ, కళ్ళు రెండూ వాచి సన్నటి గీతలయ్యాయి. నైటీ కొనడానికొచ్చిన ఒకామె నన్ను చూసి పిల్లను చంకనేసుకుని వెనక్కి తిరిగిపోయింది. శెట్టి బెదిరిపోయి, "ఇంటికి పో అప్పా, అంత గట్టిగ తల కొట్టుకోవద్దు, దేవుడు మెల్లగ చెప్పినా ఇంటాడు" అని సెలవిచ్చాడు.

ఇంట్లో జేజి నన్ను చూసి మొదట ఏడ్చింది. తర్వాత తానే కారణం కనిపెట్టింది. "వానల్యాక చేలు ఎండిపోతాండాయని వీడు బండల మీద తల పెట్టి మొక్కుకుంటాండాడు! మనకు చెప్పనుకూడా చెప్పల్యా!" నేను నోరు తెరిచాను. తెరిచి మూశాను. (అదే నేను చేసిన అసలు తప్పు. నల్లజీడి దాని తర్వాతే.) సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

నిజంగానే ఆ ఏడు వాన లేదు. నాయన వేసిన వేరుశనగ ఊడలు దిగే సమయం. నేల మెత్తగా ఉంటేనే ఊడ లోపలికి దిగుతుంది, లేకపోతే గాలిలోనే ఎండిపోతుంది. వరసగా అది మూడో కరువు. నాయన మాటలు తక్కువ మనిషి. ఆ వారమే అన్నం తింటూ, "పది దినాల్లో పడకపోతే ఇంగ బెంగళూరికి పోతా. కాంక్రీటు పనికి" అని ఒక్క మాటన్నాడు. జేజి ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపేసింది. ఆమెకున్నది ఒక్క కొడుకు, ఆయనకేమో మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి.

శుక్రవారం నమాజు అయినాక మసీదు పెద్దాయన చెప్పాడు. ఆదివారం పొద్దున ఊరంతా పెన్న ఇసుకలో చేరి వాన కోసం నమాజు చేయాలని, చెప్పులు లేకుండా రావాలని, చొక్కాలు తిరగేసుకోవాలని, అది పూర్వం నుంచి వస్తున్న పద్ధతని. ఆ మాట చెప్పి, వాచిన నా మొహం వైపు చూసి, "ఈ అబ్బి మాదిరోళ్ళు ముందర వరసలో ఉండల్ల" అన్నాడు. పారిపోదామనుకున్నాను. కానీ జేజి రెండు రోజులుగా నా తెల్ల చొక్కా ఉతికి, ఆరేసి, మడత పెట్టి, మళ్ళీ విప్పి చూస్తోంది.

ఆదివారం పదిగంటలకే ఇసుక పెనంలా కాలుతోంది. ఆడవాళ్ళు గట్టు మీద, మేం పెన్న నడుమ. పేరుకు ఏరు, కంటికి చుక్క నీరు లేదు. అందరం చొక్కాలు తిరగేసుకున్నాం. కుట్లు, దారపు పోగులు, లోపలి జేబులు అన్నీ బయట పడ్డాయి, నా లోపలిది మాత్రం లోపలే ఉంది. నా పక్కనే నాయన. పెద్దాయన నమాజు మొదలుపెట్టాడు. నిలబడ్డాం, వంగాం, అంత దాకా బాగానే ఉంది. సజ్దాలోకి పోయి, ఉడికే ఇసుక మీద ఆ బొబ్బను ఆనించానో లేదో, అది పగిలి ఇసుక లోపలికి దిగింది.

"అల్లా!" అని పెద్దగా కేక పెట్టాను. జన్మలో మొదటిసారి మనస్ఫూర్తిగా పిలిచాను.

తర్వాత వెనకెవరో వెక్కారు. వాళ్ళను చూసి ఇంకొకరు. చూస్తుండగానే పెన్న ఇసుకలో రెండువందల మంది మగవాళ్ళు గొల్లుమన్నారు. గట్టు మీద ఆడవాళ్ళు అందుకున్నారు. నేను మంటకు ఏడుస్తున్నాను, వాళ్ళు చేలకోసం ఏడుస్తున్నారు. అంతా అయ్యాక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "సూడండప్పా, అడిగితే ఈ మాదిరి అడగల్ల" అన్నాడు. దానికి కూడా నేను తట్టుకునేవాణ్ణే. కానీ నాయన, నన్నెప్పుడూ ఒక మంచి మాట అనని మా నాయన, నా భుజం మీద చెయ్యేసి, "బాగ అడిగినావురా" అన్నాడు. నాకు అక్కడే ఇసుకలో కూరుకుపోవాలనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు జేజి నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. నాయన బాగా ముందుకు పోయాక ఇక ఆపుకోలేకపోయాను.

"జేజీ, ఇది నమాజు మచ్చ కాదు."

"మరేంది?"

"నల్లజీడి."

"బట్టలకు పెట్టేదా? నొసటికి ఎవురు పెట్టినార్రా?"

"నేనే."

ఉగ్గాని బండి నుంచి ఇసుక దాకా మొత్తం చెప్పేశాను. జేజి నా చెయ్యి వదిలేసి పది అడుగులు ముందుకు పోయింది. తర్వాత, "థూ, నీ మొగం మండ!" అంది. (మండుతూనే ఉంది.) అప్పుడు అసలు భయం బయటపడింది. "ముందర వరసలో దొంగ నిలబడినాడు జేజీ. నా వల్ల వాన రాకపోతే? నాయన బెంగళూరికి పోతే?" అని ఏడ్చాను. ఈసారి మంటకు కాదు.

జేజి నిలబడిపోయి నన్ను ఎగాదిగా చూసింది. "అబ్బబ్బబ్బ! ఎంత పెద్దోనివైపోయినావురా! నీ ఒక్కని దొంగేషానికి ఊరందరి వానా నిలిపేస్తాడా ఆయన? ఆ ముందర వరస యాడికి పోయినా నీ నెత్తిమీదే ఉండాదే! వాన ఆయన పని, దాని జోలి నీకొద్దు. నీ పని ఒగటుండాది, అది సూసుకో."

"ఏం పని?"

"మనసు. దాన్ని కట్టేసినామనుకుంటాం గానీ, గొర్రె మాదిరి తాడుతోనే పోయింటాది. నేను మాత్రం? తస్బీ పూసలు తిప్పుతా తిప్పుతా పక్కింటోళ్ళ కొట్లాట ఇంటాంటా. ముప్పైమూడుసార్లు అనాల్సింది, వాళ్ళ కొట్లాట అయిపోయేదంకా అంటానే ఉంటా. గుర్తొచ్చినప్పుడు పోయి మళ్ళ తోలుకొచ్చి కట్టేసుకోవల్ల. దినామూ అదే పని. సచ్చేదంకా." అని, నా మొహం కేసి చూసి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫక్కున నవ్వింది. "రెండువందల మందిని ఏడిపిస్తివి కదరా సైతానా! మీ నాయనకు చెప్పాకు, పంట ఇంటికొచ్చినాక నేను చెప్తా. శెట్టికి మాత్రం నువ్వే చెప్పల్ల."

ఆ సాయంత్రం ఇంట్లో తన పక్కనే చాప పరిచింది. నొసటికి కొబ్బరినూనె గుడ్డ కట్టి ఉంది, తల నేలకు ఆనదు. "ఆనకపోతే వంచు, సాలు" అంది. రెండు వారాలు అలా గాలిలోనే తల వంచి నమాజు చేశాను. నేలకు తల ఆనించే వీలున్నన్నాళ్ళూ బజ్జీల బండి దగ్గర కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు ఆనించాలని ప్రాణం కొట్టుకుంటుంటే జానెడు దూరంలో నేల కనిపిస్తోంది, నొసలు పోదు. అలాంటి ఆకలి నాకు అంతకు ముందు తెలియదు.

నాయన పెట్టిన పది దినాల గడువులో తొమ్మిదో రోజున వాన పడింది. అదీ నేల నానేంత ఒక్క పదునే. పొరుగూరి చేలు సగం తడిపి, మా చేనంతా తడిపి, పామిడికి రాకుండానే వెళ్ళిపోయింది. నాయన తడిసిన చేను గట్టు మీద నిలబడి తలగుడ్డ తీసి పిండుకున్నాడు. నేను గర్వంగా జేజి వైపు చూశాను. "నీదేం ల్యా దాంట్లో" అంది జేజి వెంటనే. పంట సగమే వచ్చింది, ఆ ఏడుకు నాయన బెంగళూరు పోలేదు.

శెట్టికి చెప్పేటప్పుడు ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన అంతా విని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను శనివారం ఒక్కపొద్దని చెప్పి మాటిమాటికి గోడౌన్లోకి పోయేది యాలనుకున్నావు?" నాకు తెలుసు. తానుల మీద బొరుగులు నేనే దులిపేవాణ్ణి. ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. "ఇంగ గిరాకీల ముందర దేవున్ని పిలవొద్దులే అప్పా, రంగు పోయేదాన్ని పోతాదనే చెప్దాం" అన్నాడు శెట్టి. ఆ నెల అమ్మకాలు పడిపోయాయి. రంగు పోదని ఆ కొట్లో నేను ఒట్టేసి చెప్పగలిగింది ఒక్క నా నొసటి మీది సరుకు గురించే.

ఎందుకంటే అది పోలేదు. పుండు మానింది గానీ నల్లటి మచ్చ అలాగే నిలిచిపోయింది, ఇప్పటికీ ఉంది. జేజి పోయి చాలా ఏళ్ళయింది. నాకిప్పుడు గడ్డం నెరిసింది, దానికి ఈ మచ్చ తోడయ్యేసరికి బస్సెక్కితే చాలు ఎవరో ఒకరు లేచి, "కూసో హజరత్" అంటారు. నేను కూర్చోను. అది నాకు నేను వేసుకున్న శిక్ష. అనంతపురం నుంచి పామిడి దాకా నిలబడే వస్తాను. మొన్న మాత్రం మోకాళ్ళు మరీ సలుపుతుంటే కూర్చున్నాను. కూర్చున్నది చాలక, సీటిచ్చినాయన గౌరవంగా చూస్తున్నాడని పెదవులు కూడా కొంచెం కదిపాను, ఏదో జపిస్తున్నట్టు. రెండు నిమిషాలయ్యాక గుర్తొచ్చింది. గొర్రె మళ్ళీ తాడుతోనే పోయింది.

ఇల్లు చేరి సాయంత్రపు నమాజుకు జేజి చాప పరుచుకున్నాను. సజ్దాలో ఆ మచ్చను నేలకు ఆనించి మామూలుకన్నా కాసేపు ఎక్కువ ఉంచాను. అంతకు ముందు ఒకసారి తల తిప్పి వాకిలి వైపు చూసుకున్నాననుకోండి. ఆ రోజుల్లో ఎవరైనా చూస్తున్నారా అని చూసేవాణ్ణి, ఇప్పుడు ఎవరూ చూడటం లేదు కదా అని.