లైన్‌క్లియర్ బంతి

మా ఊరికి ఉదయం ఎనిమిదింపావుకి రావలసిన మాచర్ల ప్యాసింజరు తొమ్మిదికి వచ్చింది. నా పక్కన మా వీధి అబ్రహాం తాత, ఒళ్ళో గుడ్డసంచి. మీటరుగేజి కాలంలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. గురజాల అవతల ఆయన పనిచేసిన చిన్న స్టేషనుని మ్యూజియం చేశారని విని, నన్ను తోడు రమ్మన్నాడు.

పిడుగురాళ్ళ దాటాక సంచి విప్పాడు. పిడికిలంత ఇనుప బంతి. స్టేషనులో ఈ బంతి చేతికిస్తేనే డ్రైవరు బండి కదిపేవాడట. ఎదురుగా ఇంకో బండి రాదని అదే హామీ. ఇది మీటరుగేజి ఆఖరి బండి తెచ్చింది. అప్పటికే బంతిని తిరిగి వెయ్యాల్సిన మిషను విప్పేశారు. ఎవరికివ్వాలో తెలీక ఇంటికి తెచ్చుకున్నాడు.

"దొంగసొత్తురా అబ్బాయ్. కేసు పెడతారంటావా?"

"పెడితే వాయిదాలకి ఈ బండిలోనే పోదాం తాతా. మనం చేరేలోపు జడ్జిగారు రిటైరవుతారు."

ఎదురుసీటు రెంటచింతల పెద్దమ్మ నవ్వింది. తాత నవ్వలేదు. చర్చిలో ఇన్నేళ్ళుగా ఆయన రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరకు ఎందుకు పోడో నాకప్పుడు తెలిసింది.

గురజాలలో దిగి ఆటోలో పావుగంట. స్టేషనంటే రెండు గదులు, ఒక వరండా. రాతిగోడలు మూరెడు మందం, కమాను గుమ్మాలు, చూరుకు పళ్ళలా కోసిన చెక్కలు. టికెట్ల కిటికీ ఎంత చిన్నదంటే, గొడవకొచ్చినోడు సగం మొహంతోనే గొడవపడాలి. అద్దాల బీరువాలో డ్రైవరు చేతికందించే బెత్తపు చక్రం, దానికి తోలుసంచి, ఖాళీగా.

"దీన్లో ఏం పెట్టేవాళ్ళని అందరూ అడుగుతారు. నాకు తెలీదు," అంది మ్యూజియం చూసుకునే అమ్మాయి.

తాత బంతి తీసి బల్లమీద పెట్టాడు. "ఇదమ్మా. నేనే ఎత్తుకుపోయా."

ఆమె రిజిస్టరు దగ్గరకు లాక్కుంది. "దానమిచ్చారని రాస్తాను తాతా."

"దానమేంది? నాది కాదుగా. అప్పగించానని రాయి. టైమెయ్యి. సంతకం పెట్టు. బంతి చేతులు మారితే అట్టా రాయాల."

ఆమె రిజిస్టరు తెరిచి, ఫోను చూసి పన్నెండూ పది వేసింది. సంతకం పెట్టి బీరువా తాళం తీసింది. తోలు బిగుసుకుపోయింది. తాత సంచి నోరు సాగదీసి బంతి దూరుస్తున్నాడు. సాయం పట్టబోతే మోచేత్తో నెట్టాడు. నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను. టేకు దూలాలు చానా బాగున్నాయి.

మూడున్నర బండికి తిరుగు ప్రయాణం. చూడ్డానికి గంట చాలు, మీరూ పోండి. ఆ గోడలు కూల్చేసుంటే ఈయన బంతి పట్టుకుని ఎక్కడికి పోయేవాడు?

సీట్లో కూర్చోగానే తాత నిద్రపోయాడు, నోరు తెరిచి. ఏడిపించడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాను. పిడుగురాళ్ళలో టీ వచ్చింది. లేపలేదు.