మూడుసార్లు పంపించిన క్షమాపణ

నా పేరు భాస్కరం. రామచంద్రపురంలో ముప్ఫయ్యొక్క ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. చదివింది మా ఊరి హైస్కూల్లో పదో తరగతి వరకే. అయినా ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. నా దగ్గర నేర్చుకున్న నాలుగొందల పన్నెండు మందికి ఉద్యోగాలొచ్చాయి. పేర్లన్నీ రాసి ఉంచాను, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

తొంభై ఆరులో కంప్యూటరు కొని, ఇన్‌స్టిట్యూట్‌లోనే బులెటిన్ బోర్డు పెట్టాను. ఫోన్ లైను మీద కలుసుకుని ఒకరి ఉత్తరాలు ఒకరు చదువుకునే ఏర్పాటది. ఇలాంటి బోర్డులు పదకొండు కలిసి ఒక నెట్‌వర్క్. అందరి ఉత్తరాలూ కాకినాడలో ఇంజనీరు మణిశంకర్ గారి కంప్యూటరుకి చేరి, అక్కణ్నుంచి మిగతావాళ్లకి వెళ్లేవి. నా సాఫ్ట్‌వేర్ వేరే రకం. అందుకని నా బోర్డు ఉత్తరాలని మాత్రం ఆయన సొంతంగా రాసిన ప్రోగ్రాం ఒకటి మార్చి పంపేది.

ఆ ప్రోగ్రాం పెట్టిన వారం నుంచే మా ఉత్తరాలు ఎవరికీ చదవడానికి రాలేదు. లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ప్రింటు తీస్తే నల్లటి చారలా వచ్చేది. మణిశంకర్ గారికి ఫోన్ చేశాను.

"నా ప్రోగ్రాంలో తప్పుండదు మాస్టారూ. పల్లెటూరి బళ్లో చదివి ఇవన్నీ మీకెందుకండీ? పిల్లలకి టైపు నేర్పుకోండి" అని నవ్వాడు. ఆదివారం మీటింగులో మా బోర్డుని తీసేస్తున్నామని నెట్‌వర్క్ అంతటికీ రాశాడు కూడా. ఆ రోజే ఆయన పేరు పక్కన గారు తీసేశాను.

నల్లచార కాగితం ముందేసుకుని కూర్చుంటే నాకు మొదటిరోజు విద్యార్థి గుర్తొచ్చాడు. టైపు మిషను మీద లైను అయ్యాక లివరు లాగితే రెండు పనులవుతాయి: కాగితాన్ని పట్టుకుని ఉండే క్యారేజీ మొదటికొస్తుంది, కాగితం ఒక లైను పైకి జరుగుతుంది. కొత్తవాడు లివరు వదిలేసి క్యారేజీని చేత్తో నెడతాడు. కాగితం కదలదు, ఉన్న లైను మీదే మళ్లీ కొడతాడు. కంప్యూటరులోనూ ప్రతి లైను చివర ఆ రెంటికీ రెండు గుర్తులుంటాయి. ఆయనగారి ప్రోగ్రాం రెండోదాన్ని మింగేస్తోంది!

ఆదివారం టైపు మిషను ఒళ్లో పెట్టుకుని, మీటింగుకని కాకినాడ బస్సెక్కాను. "కొత్త కోడల్ని తీసుకెళ్తున్నట్టుంది మీ వాలకం" అంది మా ఆవిడ మాణిక్యాంబ.

పదకొండు బోర్డులవాళ్ల ముందు, లివరు ముట్టకుండా నాలుగు లైన్లు కొట్టి చూపించాను. అచ్చం అదే నల్లచార. తర్వాత నా ఉత్తరం ఒకటి ఆయన ప్రోగ్రాం తగలకుండా ప్రింటు తీయించాను. శుభ్రంగా వచ్చింది. అదే ఉత్తరం ప్రోగ్రాంలోంచి పంపి తీయించాను. నల్లచార. ఆ కాగితం మణిశంకర్ చేతికిచ్చాను.

"మీ ప్రోగ్రాం రాసిందేనండి. పైకి చదవండి, అందరం వింటాం."

కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. మా బోర్డుని ఉంచాలని అక్కడే తీర్మానించారు. ఆయన ప్రోగ్రాం సరిచేసి, నెట్‌వర్క్‌లో నాకు క్షమాపణ రాయాలన్నారు.

రాశాడు. నాలుగు లైన్లు, ముత్యాల్లా వచ్చాయి. "చదవడానికి రాలేదండి, మళ్లీ పంపండి" అని జవాబిచ్చాను. అబద్ధమే. మళ్లీ పంపాడు. మళ్లీ అదే రాశాను. మూడోసారీ పంపాడు.

మూడు కాగితాలూ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.