అడ్డం నిలిచిన రమీజా

గెలిచిన జట్టులో ఇద్దరున్నారు. ఇద్దరూ మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా వేదిక మీదే కూర్చుని ఆడారు. నిర్వాహకులు వారిలో ఒకరికి శిక్షణ శిబిరంలో చోటిచ్చి, రెండోవారు అసలు ఆడనే లేదని ప్రకటించారు. హాలు నిండా జనం పెద్ద తెర మీద చూస్తుండగా జరిగిన ఆట అది. అంతమంది చూసినదాన్ని ఒక నిబంధన కాదంది. దిద్దగలిగిన స్థానంలో ఉన్నవారు ఇప్పటి వరకూ దిద్దలేదు.

ఆడలేదనిపించుకున్న మనిషి పేరు రమీజా. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక షెడ్డులో దారాలు కత్తిరించడం ఆమె పని. మిషన్ల వరుస దాటి వచ్చిన ప్యాంట్ల కుప్ప పక్కన కూర్చుని, అతుకుల దగ్గర వేలాడే దారపు కొసలను చిన్న కత్తెరతో తీసివేయాలి. కత్తెర ఆడినంతసేపూ నీలిరంగు నూగు లేస్తూనే ఉంటుంది. సాయంత్రానికి ఆ గదిలో పనిచేసే ఆడవాళ్ళందరి కనుబొమలూ ఒకే రంగుకు వస్తాయి. రమీజాకు ఇరవై ఏడేళ్ళు. దగ్గు పట్టుకుని రెండేళ్ళయింది. నూగు గదిలో కూర్చోవడం మానకపోతే మందులు పనిచేయవని డాక్టరు చెప్పాడు. మానితే ఏ గదిలో కూర్చోవాలో ఆయన చెప్పలేదు.

ఆమె తండ్రి ఫకృద్దీన్ దూదేకి పరుపులు కుట్టి బతికినవాడు.

"నాకు తెల్ల నూగు, నీకు నీలి నూగు. రంగన్నా మారింది పాపా, ఏదో ఒగటి ముందుకు పోయినట్టే," అనేవాడు. నవ్వు పూర్తికాకముందే ఆయనకూ దగ్గు వచ్చేది.

షెడ్డులో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరి చేతుల్లోనూ ఫోన్లే. కుర్రవాళ్ళలో ఎక్కువమంది 'మృగరణం' అనే ఆట ఆడేవారు. ఆ ఆటలో ఒక్కొక్కరికి ఒక్కొక్క మృగం. ఇద్దరొక జట్టై మరో ఇద్దరితో తలపడతారు. ప్రతి మృగానికీ నాలుగు విద్యలు, ఎత్తుకు ఒకటి మాత్రమే వాడాలి. ఊపిరి అయిపోయిన మృగం కూలిపోతుంది. అందరూ పులుల వెంట, గద్దల వెంట పడితే రమీజాకు బండపొట్టేలు దక్కింది. వీపు మీద రాతిపలకతో, బరువుగా కదిలే జీవి. ఎవరూ కోరనిది గనుక ఉచితంగా వచ్చింది.

బండపొట్టేలు విద్యల్లో మొదటిది 'అడ్డం': తోటి మృగం మీదికి వచ్చే దెబ్బను తాను తీసుకోవడం. రెండోది 'ఊరట': తోటిదానికి ఊపిరి పోయడం. మూడోది 'దుమ్ము': తెరలా దుమ్ము లేపి ఎదుటివారి దెబ్బల బలం తగ్గించడం. ఇవన్నీ పోగా కొట్టడానికి ఉన్నది 'కుమ్ము' ఒక్కటే. అది కూడా బలమైన దెబ్బేమీ కాదు.

మిషన్ మీద కుట్టే కేశవ చురుకైనవాడు, ఆమె కంటే చిన్నవాడు. అతనిది అగ్గిపులి. ఒకరోజు అతను ఫోనును ఒళ్ళో పడేసి గోడకు తల ఆనించడం రమీజా చూసింది.

"ఏమప్పా కేశవా, పులి మళ్ళా సచ్చినట్టుండాది?"

"నీకెట్ల తెలిసిందక్కా?"

"దినామూ ఇదే గదప్పా. దాన్ని ఎగేసుకోని పోతావు, ఒగ దెబ్బ ఏస్తావు, రెండు తింటావు."

"పులంటే పోయి కొట్టాల గదక్కా. నీ పొట్టేలు మాదిరి గమ్మున నిలబడుకోని తన్నులు తింటాదా?"

పక్కనే తాంబూలం నములుతున్న, రమీజాతో దారాలు కత్తిరించే మారెక్క పగలబడి నవ్వింది. "తన్నులు తినేదానికి గూడా ఒగ జంతువును పెట్టినారా ఆటలో? అట్లయితే ఈ గదిలో ఉండేవాళ్ళమంతా ఆడొచ్చు మే!"

ఆ మధ్యాహ్నమే రమీజా పొట్టేలు కేశవ పులి పక్కన నిలిచింది. పులి మొదటిసారిగా ఆట చివరిదాకా బతికింది.

కొట్టేవారికి తమ మృగం మీద చూపు ఉంటే సరిపోతుంది. అడ్డం నిలిచేవారు నాలుగు మృగాలనూ చూడాలి. 'అడ్డం' వరుసగా రెండు ఎత్తుల్లో పనిచేయదు కాబట్టి, ఎదుటివాడు ఎప్పుడు నిజంగా కొడతాడో, ఎప్పుడు కొట్టినట్టు బెదిరిస్తాడో ముందే పసిగట్టాలి. తొందరపడి వాడితే అసలు దెబ్బ వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. రమీజా ఈ కనిపెట్టడంలో ఆరితేరింది. ఓడిన కుర్రవాళ్ళు కేశవ పులిని తిట్టుకుంటూ పోయేవారు. పొట్టేలును తిట్టాలని వాళ్ళకు తోచేది కాదు. ఆమెకు అది ముచ్చటగానే ఉండేది.

ఆ ఆట నడిపే కంపెనీ జిల్లా పోటీ ప్రకటించింది. ఫైనలు అనంతపురంలో. గెలిచిన ఇద్దరికీ బెంగళూరులో శిక్షణ శిబిరం, శిబిరం ముగిశాక కొత్త మృగాలను ఆడి పరీక్షించే ఉద్యోగం. కుర్చీ, బల్ల, తలుపు వేసిన శుభ్రమైన గది. ప్రకటనలోని ఫొటోలో ఆ గదిని రమీజా వేళ్ళతో పెద్దది చేసి మూల మూలా చూసుకుంది. ఎక్కడా నూగు లేదు.

"ఆటలాడేదానికి కొలువిస్తారా పాపా?" అని ఫకృద్దీన్ ఆశ్చర్యపోయాడు.

"ఇస్తారంట నాయనా."

"అట్లయితే నన్ను గూడా అడుగు. పులిజూదంలో నన్ను కొట్టేవాడు మన ఈదిలో ల్యాడు."

"నీ దగ్గు ఇని పులులు పారిపోతాయిలే నాయనా."

జట్టు మీద జట్టును గెలుస్తూ ఇద్దరూ ఫైనలుకు చేరారు. ఆ రోజు జరిగినది అర్థం కావాలంటే షెడ్డులోని ఒక ఆచారం తెలియాలి. ప్యాంట్లు గుడ్డపీలికతో కట్టిన కట్టలుగా దారాల గదికి వస్తాయి. కూలి కట్టల లెక్కన కాబట్టి, కట్టను ఎవరు విప్పితే వారే ముగించాలి. చివరి ప్యాంటు చివరి దారం దాకా వేరే చెయ్యి తగలకూడదు. తగిలితే ఆ కట్ట ఎవరిదన్న తగవు సాయంత్రం దాకా తెగదు. పనిలో చేరిన కొత్తలో రమీజాకు ఇది తెలియదు. పక్కన కూర్చున్న ఈశ్వరి నీళ్ళకు లేచి వెళ్ళినప్పుడు, ఆమె కట్టలో మిగిలిన ఒక్క ప్యాంటును సాయంగా ఉంటుందని తానే పూర్తిచేసి పెట్టింది. మేస్త్రి రాజేంద్ర అందరి ఎదుటా అరిచాడు. "ఒగరి కట్టలో సెయ్యి పెడతావా? ఈ దొంగబుద్ధి యాడ నేర్చినావు మే?" ఈశ్వరి వచ్చి పోనీలెమ్మన్నా అతని నోరు ఆగలేదు. ఆ తర్వాత రమీజా మరొకరు మొదలుపెట్టిన పని మీద వేలు వేసి ఎరుగదు.

అనంతపురంలో పెళ్ళిళ్ళు జరిగే హాలును పోటీకి తీసుకున్నారు. ఎదుటి జట్టు కొత్తచెరువు నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ స్నేహితులు, వారివి మొసలి, గద్ద. రెండూ కొట్టే మృగాలే. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత మొదటి నుంచీ "అగ్గిపులి! అగ్గిపులి!" అని గొంతు చించుకున్నాడు. గద్ద పై నుంచి విరుచుకుపడినప్పుడు దెబ్బ పొట్టేలు వీపు మీద పడింది. అతను "పులి తప్పించుకుంది!" అన్నాడు. మొసలి నోరు తెరిచి బెదిరించినప్పుడు రమీజా కదలలేదు, 'అడ్డం' దాచుకుంది. నిజంగా కాటు వేసిన ఎత్తులో సరిగ్గా ముందు నిలిచింది. "పులికి అదృష్టం కలిసొచ్చింది!" అన్నాడు. ఆమె పోసిన ఊపిరితో లేచిన పులి గద్దను కూల్చింది.

ఇక మిగిలింది మొసలి. పులి కొట్టిన దెబ్బకు దాని ఊపిరి అడుగంటింది. పులికీ, పొట్టేలుకూ ఉన్నది అంతంతమాత్రమే. కిందటి ఎత్తులో రమీజా లేపిన దుమ్ము ఇంకా ఉంది. దుమ్ములో బండపొట్టేలుదే ముందు అడుగు. అంటే ఆమె 'కుమ్ము' నొక్కితే మొసలి నోరు తెరవకముందే కూలుతుంది, ఆట అయిపోతుంది. ఈ లెక్క ఆమెకు తెలియక కాదు. బొటనవేలు కుమ్ము మీదికి వెళ్ళింది కూడా.

కానీ మొసలిని మొదట కొట్టినది కేశవ. అది అతను విప్పిన కట్ట.

వేలు పక్కకు జరిగి 'అడ్డం' నొక్కింది. మొసలి కాటు పొట్టేలు మీద పడింది. పొట్టేలు మోకాళ్ళ మీదికి ఒరిగి కూలింది. మరుక్షణం పులి ఎగిరి మొసలిని ముగించింది. హాలంతా లేచి నిలబడింది. కేశవ "అక్కా!" అని అరుస్తూ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

తెర మీద విజేతల పేర్లు వచ్చాయి. కేశవ పేరు వచ్చింది. దాని కింద, రెండో ఆటగాడు పాల్గొనలేదు, స్థానం ఖాళీ అని వచ్చింది.

మొదట అందరూ అది పొరపాటనుకున్నారు. నిర్వాహకుల తరఫున గిరి అనే ఉద్యోగి వచ్చి వివరించాడు. ఫైనలులో ఒక్క మృగాన్నైనా పడగొట్టనివారిని ఆడనివారిగా లెక్కిస్తారు. పేరు ఇచ్చేసి ఫోను పక్కన పెట్టి కూర్చునేవారిని ఏరివేయడానికి పెట్టిన నిబంధన అది.

"నేను ఫోను పక్కన పెట్టినానా సార్? మీ ముందరే గదా కూర్చోని ఆడినా?"

"మీరు కూర్చున్నారు మేడం, కాదనను. సిస్టమ్‌లో మీరు పడగొట్టినవి సున్నా అని ఉంది."

"నా పొట్టేలు అడ్డం పోకుంటే పులి ఎప్పుడో సచ్చుండు. అది యాడా రాసుకోదా మీ సిస్టమ్?"

"అది సపోర్ట్ కదా మేడం. సాయం. సాయం చేసినవాళ్ళకి మేమంతా థాంక్స్ చెప్తాం."

"ఆ పొట్టేలును చేసింది మీరే, అడ్డం నేర్పిచ్చింది మీరే. నేర్పిచ్చింది చేస్తే ఆడనట్టా సార్?"

గిరి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కటి పడగొట్టి ఉంటే సరిపోయేది మేడం. ఒక్కటంటే ఒక్కటి."

రమీజా అభ్యంతరం రాసి పంపింది. పోటీ కార్యాలయం రెండు వాక్యాల్లో జవాబిచ్చింది: "రికార్డింగును పరిశీలించాము. మీ మృగం ఎవరినీ పడగొట్టలేదు." ఖాళీ అయిన స్థానాన్ని ఓడిన జట్టులోని మొసలి కుర్రవాడికి ఇచ్చారు.

బెంగళూరుకు బయలుదేరే ముందు కేశవ దారాల గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నేను వద్దంటే ఇద్దరికీ ల్యాకుండా పోతాది గదక్కా."

"పోప్పా. ఎవురు వద్దన్నారు నిన్ను?"

"నీకు కోపమొచ్చినట్టుండాది."

"ఒగటి అడుగుతా, నిజం చెప్పు. ఆ మొసలిని కడాకు నేనే పడగొట్టుంటే నువ్వేమనుకుందువు?"

కేశవకు ప్రశ్న అర్థం కాలేదు. "ఏమనుకుందునక్కా? ఎవురు పడగొట్టినా గెలిచేది మనమే గదా."

"నీ పనిలో సెయ్యి పెట్టిందే అని..."

"సెయ్యి పెట్టేదేంది?" అతను నవ్వేశాడు. "ఆటక్కా అది!"

అతను వెళ్ళిపోయాడు. రమీజా మళ్ళీ కత్తెర అందుకుంది. మిషన్ మీద కూర్చునేవాడి పనిలో ఎవరూ వేలు పెట్టరు, ఎవరూ అతన్ని దొంగ అనరు. ఆ కట్టుబాటు కేశవను ఎన్నడూ తాకలేదు. అది ఉన్నదని కూడా అతనికి తెలియదు. ఆమె మర్యాద అనుకుని విడిచిపెట్టినదాన్ని మర్యాదగా గుర్తించేవాడే లేకపోయాడు. ఇన్నాళ్ళూ తనను తిట్టినవాడు మేస్త్రి ఒక్కడేననుకుంది. ఆ తిట్టును వేలి కొసలో పెట్టుకుని అనంతపురం దాకా మోసుకుపోయినది తానేనని అప్పుడు తెలిసింది.

"ఏమి పాపా, కొలువు కత?" అని ఆ సాయంత్రం ఫకృద్దీన్ అడిగాడు.

"నేను ఆడల్యాదంట నాయనా."

ఆయన హాస్యమాడలేదు. గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

రమీజా ఇప్పటికీ అదే గదిలో ఉంది, దగ్గు ముదిరింది. పోటీ నిర్వాహకులారా, ఆమె వేలు ఎందుకు పక్కకు జరిగిందో మీకు తెలియనవసరం లేదు, దానికి మీరు బాధ్యులు కారు. మీరు చేసినదానికి మాత్రం మీరే బాధ్యులు. మీ నిబంధనల ప్రతి, మీ రెండు వాక్యాల జవాబు, ఫైనలు పూర్తి రికార్డింగు భద్రంగా ఉన్నాయి; అడిగినవారికి చూపించడానికి అభ్యంతరం లేదు. ఆ రికార్డింగులో, సోమరులను ఏరడానికి పెట్టిన మీ జల్లెడ, ఆట సాగినంతసేపూ దెబ్బలు తిన్న మనిషిని ఏరిపారేసింది. కాపాడడం ఆడడం కాదని మీరు నిజంగా నమ్మితే, బండపొట్టేలును ఆటలో నుంచి తీసివేయండి. దాన్ని ఎంచుకున్నవారందరికీ మీరు ఆడడం లేదని ముందే చెప్పండి. నమ్మకపోతే, 'పాల్గొనలేదు' అన్న మాటను కొట్టివేసి అక్కడ రమీజా అని రాయండి. శిబిరం ఇంకా నడుస్తోంది. ఆమె చోటు ఆమెకివ్వండి. బెంగళూరు బస్సు ఎక్కమని ఈ వారంలోనే కబురు పంపండి.