పటంలో చెరిపిన చోటు

చనిపోయిన ఒక మనిషిని ఆయన భార్య ముందు అబద్ధాలకోరును చేశాను. ఇన్నేళ్ళుగా అది నాతోనే ఉంది. ఆఫీసులో లెక్కలు చూస్తున్నా ఉంది, అన్నం తింటున్నా ఉంది. మా ఆవిడకు తెలుసు. కానీ మేమిద్దరం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆమె లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నాకు యుద్ధ చరిత్ర పుస్తకాలు సేకరించే అలవాటు. నేను సైన్యంలో పనిచేసినవాణ్ణి కాదు. నాచారంలో ఒక కంపెనీలో అకౌంట్లు రాసేవాణ్ణి, ఉప్పల్‌లో కాపురం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాణ్ణి కాదు. ఎందుకంత ఇష్టం? పటాల మీద బాణం గుర్తులు చూస్తే ఎవరు ఎటు కదిలారో తెలిసిపోయేది. నా చుట్టూ ఉన్న ఏ విషయమూ నాకు అంత తేటగా అర్థమయ్యేది కాదు. ఆ బాణాల్లో ఉన్నది మనుషులేనని తెలియక కాదు. తెలిసీ పేజీ తిప్పడం అలవాటైంది.

సైన్యం నుంచి రిటైరైన సుబేదార్ గారు ఒకరు ఆ ఫుట్‌పాత్ మీదే పరిచయమయ్యారు. చిల్కానగర్‌లో ఉండేవారు. తాను కొట్లాడిన బంగ్లాదేశ్ యుద్ధం గురించిన పుస్తకాలు మాత్రమే వెతికేవారు. "మస్తు రాసిన్రు సారూ, మస్తు రాసిన్రు. రెండు దినాలు మాకు రొట్టె రాలేదన్న ముచ్చట మాత్రం ఒక్కడు రాయలే," అని నవ్వేవారు.

ఆయన దగ్గర వాళ్ళ రెజిమెంటు చరిత్ర ఉండేది. సొంత మనుషుల కోసం అచ్చు వేయించుకున్న పుస్తకం, అంగట్లో దొరకదు. వెనుక మడతలు విప్పి చూసే పెద్ద పటం ఉంది. ఎన్నాళ్ళ నుంచో దాని మీద నాకు కన్ను. ఒకరోజు ఆయనే చేతిలో పెట్టి, "సదివి ఇయ్యి," అన్నారు. నేను చదువుతుండగానే ఆయన మంచాన పడ్డారు, దవాఖానాలో చేరారు, పోయారు. అంత్యక్రియలకు వెళ్ళాను. పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

సేకరించేవాళ్ళలో పైకి చెప్పుకోని పద్ధతి ఒకటుంది. ఇచ్చినవాడు పోతే పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్ళది. ఇంకొకటి కూడా ఉంది. మనదయ్యాక దాన్ని శుభ్రం చేసుకుంటాం. పాత యజమాని పెన్సిల్ గీతలు మాకు మరకల్లాంటివి. మెత్తటి రబ్బరుతో చెరిపి, పొడిని చిన్న బ్రష్‌తో దులుపుతాం. మొదటి పేజీలో సుబేదార్ గారి పేరు చెరిపాను. పటం విప్పితే ఒకచోట చిన్న సున్నా, పక్కన ఏవో అక్షరాలు. అవీ చెరిపాను. ఏం రాసి ఉందో చదవను కూడా లేదు.

"ఆయన రాసుకున్నవి కదా, మీకేం అడ్డమొచ్చాయి?" అంది మా ఆవిడ.

నేను బ్రష్‌తో పొడి దులుపుతూనే ఉన్నాను.

కొన్ని నెలలకు సుబేదార్ గారి భార్య లక్ష్మమ్మ గారు మా ఇంటికి వచ్చింది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆ వేళ బంద్. చిల్కానగర్ నుంచి ఎండలో నడిచి వచ్చింది.

"ఏం సారూ, మీ ఆంధ్రోళ్ళు పుస్తకం తీస్కపోతే మళ్ళ ఇయ్యరా?" గుమ్మంలోనే నవ్వుతూ అడిగింది. "ముందు జర మంచినీళ్ళియ్యమను మీ ఇంటామెను."

కూర్చున్నాక చెప్పింది. ఆమె తమ్ముడు సత్తయ్యను సైన్యంలో చేర్పించింది సుబేదార్ గారే. ఇద్దరూ ఒకే పటాలంలో యుద్ధానికి వెళ్ళారు. సత్తయ్య తిరిగి రాలేదు. శవమూ రాలేదు.

"వాడు ఏడ పడ్డడో ఎన్ని తీర్ల అడిగినా ఈయన నోరిప్పలే సారూ. ఆఖరికి దవాఖానల చెప్పిండు. నీ తమ్ముడు పడ్డ జాగ పుస్తకంల పటం మీద గుర్తు వెట్టిన, సారు దగ్గరున్నది, సదివిపిచ్చుకో అన్నడు. పెత్రమాస వస్తున్నది గద, పోయినోళ్ళను తలుసుకునే దినం. వాని పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు ఆ జాగ పేరొక్కటి తలుసుకుంట. ఇంకేమొద్దు నాకు."

పుస్తకం తెచ్చి బల్ల మీద పటం విప్పాను. శుభ్రంగా ఉంది.

"ఇందులో గుర్తులేమీ లేవమ్మా," అన్నాను.

"మంచిగ సూడు."

"చూశాను. మొదటి నుంచీ లేవు."

మొదటి నుంచీ. ఆ మాట ఆమె అడగలేదు. నేనే కలిపాను.

మా ఆవిడ నీళ్ళ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. లక్ష్మమ్మ గారు పటం మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపింది. ఆ చెయ్యి ఆ చోటు మీదుగా కూడా వెళ్ళే ఉంటుంది.

"అయితే నన్ను ఊకోబెట్టనీకే అబద్దం చెప్పిండన్నట్టు," అంది. "పోయేటప్పుడు గూడ."

పుస్తకం తీసుకెళ్ళలేదు. "నాకెందుకిది, నువ్వే ఉంచుకో. నీకైన పనికొస్తది," అంది.

ఎందుకలా అన్నాను? చెరిపానని చెప్పడానికి సిగ్గుపడ్డానా, లేక నిజం చెబితే పుస్తకం పోతుందని భయపడ్డానా? సిగ్గే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే సిగ్గుపడేవాడిలో ఎంతో కొంత మంచి మిగిలి ఉంటుందని మనకు అనిపిస్తుంది కదా. కానీ ఆమె వెళ్ళగానే నేను చేసిన మొదటి పని పటాన్ని పాత మడతల వెంబడే జాగ్రత్తగా మడిచి, పుస్తకాన్ని అలమరలో దాని చోట పెట్టడం. ఆ చేతులు సిగ్గుపడినవాడివి కావు.

తర్వాత ఒకసారి ఉప్పల్ బస్టాపులో కనిపించింది. పక్కనున్న ఆమెతో, "మా సుబేదారు యుద్ధంల ఎంత కొట్లాడిండో తెల్వదు గని, కతలు చెప్పుట్ల మాత్రం ఫస్టు. కావాల్నంటే ఈ సారును అడుగు," అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాష్ట్రం వచ్చిన ఏడాదే మా ఆవిడ పోయింది. వంటింట్లో గోడకున్న క్యాలెండర్‌లో గ్యాస్ బండ మార్చిన రోజు చుట్టూ ఆమె పెన్సిల్‌తో గీసిన సున్నా ఉంది. ఏడాది మారినా ఆ క్యాలెండర్ తీయలేకపోయాను. ఒక పొద్దున దాని ముందు నిలబడి ఉండగా పటం మీద నేను చెరిపిన సున్నా గుర్తొచ్చింది. వెళ్ళి పుస్తకం తీశాను.

పెన్సిల్ చెరిపినా కాగితంలో ఒత్తు మిగులుతుంది. కిటికీ దగ్గర వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. సేకరించేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. లక్ష్మమ్మ గారు మా ఇంట్లో కూర్చున్న రోజు కూడా నాకు తెలుసు. కిటికీ రెండడుగుల దూరంలో ఉంది. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఇదే. చివరికి వచ్చింది.

పటం పట్టుకున్నాను. వంతెన అవతల, కాలువ మలుపు పక్కన సున్నా కనిపించింది. పక్కన గట్టిగా నొక్కి రాసిన అక్షరాలు: "సత్తి ఈడ."

ఆ మధ్యాహ్నమే పుస్తకం తీసుకుని చిల్కానగర్ వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది. "లక్ష్మమ్మవ్వనా? ఆమె పోయి చాన్నాళ్ళాయె సారూ. పిల్లలు గూడ లేకపాయె," అంది పక్కింటామె. నా చేతిలోని పుస్తకం చూసి, "ఏమన్న ఇచ్చేదుండెనా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. అది ఇంకో అబద్ధం.

పోయిన పెత్రమాసకు ఆ చోటును నేనే తలుచుకుందామనుకున్నాను. నోరు రాలేదు. సత్తయ్య నాకేమవుతాడని? ఇదంతా మీకు చెప్పినంత మాత్రాన నా తప్పు పోతుందని అనుకోవడం లేదు. కాకపోతే ఆ చోటు నాతోపాటు ఇంకొకరికి తెలుస్తుంది.

కాలువ ఎడమకు తిరిగే చోట, వంతెన దాటాక, కుడివైపు. సత్తయ్య అక్కడ పడ్డాడు. మీ ఆయన గుర్తు పెట్టారు, లక్ష్మమ్మ గారూ. చెరిపింది నేను.