బానెట్ మీద పూలు

‘మీ మామ ఇగ లేడు బిడ్డా’ అని మొన్న పొద్దున అత్త ఫోన్ చేసింది. అప్పటి నుంచి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ గుణం నాకు మా మేనమామ నుంచే వచ్చింది. నాంపల్లి స్టేషన్ దగ్గర కార్లకు సీట్లు, జీపులకు టాపులు కుట్టే దుకాణం ఆయనది. ఊరందరికీ సీట్లు కుట్టాడు కానీ తాను కుదురుగా కూర్చున్నది నేనెన్నడూ చూడలేదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. అత్త కసిరితే, ‘కూసుంటె పని గూడ మనతోని కూసుంటది’ అనేవాడు.

తొంభైలలో ఆ దుకాణానికి ఎవరో షోకీన్ సేటుది ఎర్రటి ఇటలీ కారు వచ్చేది. పైకప్పు బట్టది, మడిచి వెనక్కి పడేయొచ్చు. మన ఎండలకు ఆ బట్ట ఏటా పగిలేది, ఏటా మామే కుట్టేవాడు. వింత కారు అది. ముందు మూత తీస్తే స్టెప్నీ, సామాను పెట్టుకునే చోటు. ఇంజినేమో వెనుక సీట్లను ఆనుకుని ఉండేది. నాలుగు సీట్లని పేరే కానీ వెనుక కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. మామ కూతురు, అంటే మా వదిన, చిన్నప్పుడు అందులోకెక్కి దిగనని మొండికేసిందట. ‘నీ పెండ్లికి గీ కార్లనే చర్చికి తోల్కపోత, ఇప్పుడైతె దిగు తల్లీ’ అన్నాడట మామ.

వదిన పెళ్లి కుదిరేసరికి రెండువేల సంవత్సరం దాటింది. మామ సేటును అడిగి ఆ కారునూ డ్రైవరునూ తెచ్చాడు. ఆబిడ్స్ చర్చిలో పదకొండుకి పెళ్లి. వెంటనే ఇంకో పెళ్లి ఉంది, ఆలస్యమైతే సాయంత్రమేనని పాస్టరుగారు ముందే చెప్పారు. మెదక్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు వాళ్లయితే సాయంత్రందాకా ఆగేది లేదని కుండ బద్దలు కొట్టారు.

పెళ్లిరోజు పొద్దున్నే మామ జాంబాగ్ పూల మార్కెట్‌కు వెళ్లి బుట్టెడు బంతి, చామంతి తెచ్చాడు. పెళ్లి కారంటే బానెట్ నిండా పూలుండాలి కదా! ఈ కారు బానెట్ వెనకాల ఉంది, కాబట్టి వెనకాలే కట్టాడు. ఇంజిన్‌కు గాలి ఆడే సందులన్నీ దండల కింద మునిగిపోయాయి. ఏళ్ల తరబడి చూసిన కారే, సంబరంలో ఆ సంగతే తట్టలేదు.

నేరుగా చర్చికి పోయినా బాగుండేది. ‘మనోళ్లందరు సూడాలె, ఒక్క చక్కర్’ అంటూ మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిప్పించాడు. ఆ రద్దీలో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనుక నుంచి ఉడికిన చామంతుల వాసన. సాయం చేయబోయిన ఒకాయన ముందు మూత ఎత్తి, ‘అరె, ఇంజిన్ ఎవడో ఎత్కపోయిండు!’ అని అరిచాడు. పళ్ల బండ్ల వాళ్లంతా ఒకటే నవ్వు.

‘ఆటో ఆపు డాడీ! నాకు కారొద్దు, పెండ్లి గావాలె’ అంది వదిన.

‘మాటిచ్చిన గద బిడ్డా.’

‘ఎన్నడిచ్చినవ్? నాకైతె యాదికి లేదు!’

మామ ముఖం వాడిపోయింది. నాకు వదిన మీద కోపమొచ్చింది, మామ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆయన దండలు తెంపి పారేసి, రెండు అరచేతులూ వెనుక ఇంజిన్ మూత మీద ఆనించి నూకడం మొదలుపెట్టాడు. నవ్విన వాళ్లే వచ్చి చేయి వేశారు. వెనుక సీట్లో వదిన పక్కన ఇరుక్కుని, ‘ప్రభువా, ఒక్క పది నిమిషాలు’ అని నేను గొణుగుతూనే ఉన్నాను. ‘జర జోరుగ, అన్నా, జర జోరుగ’ అని మామ గొంతు ఆబిడ్స్ చర్చి దాకా వెనకాల నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ మొండితనానికి ఎంత విసుక్కున్నానో, ఇప్పుడు దానికోసమే అంత ఏడుస్తున్నాను.

చర్చి గుమ్మంలో పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. ‘వచ్చిన్రా! నడువున్రి, నడువున్రి’ అన్నారు.

తండ్రి కూతురి చేయి పట్టుకుని లోపలికి నడిపించాలి. మామ చేయి చాపలేదు. వదినే లాక్కుని పట్టుకుని ఉలిక్కిపడింది. అరచేయంతా పొక్కులు.

‘డాడీ, ఏంది గిది?’

‘ఏం లేదు బిడ్డా, మూత జర కాలింది. నడువు.’

వదిన ఆ చేతిని మెల్లగా వదిలి, ఆయన మణికట్టు పట్టుకుంది. అట్లాగే, ఆమే ఆయనను తీసుకుపోతున్నట్టుగా, ఇద్దరూ పెళ్లికొడుకు దాకా నడిచారు.